వాల్డర్స్ నుంచి టూ రివర్స్ దాకా: మిషిగన్ సరస్సు గట్టున ఎర్ర టిల్‌కు పేరు తప్పిన వైనం, దిద్దిన తీరు

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రానికి తూర్పు హద్దు మిషిగన్ సరస్సు. మిల్వాకీ దాటి గట్టు వెంబడి ఉత్తరానికి పోతుంటే, అలలు కోసిన నిలువు కోతల్లో ఎర్రగోధుమ రంగు బంకమట్టి వదలకుండా కనిపిస్తుంది. అందులో గులకరాళ్ళు, అక్కడక్కడ బండలు. హిమనదం తెచ్చి పరిచిన ఈ కలగాపులగపు మట్టిని టిల్ అంటాం. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకున్నట్టు, ఇక్కడ ఎర్రనిదంతా ఒకే టిల్ అనుకున్నారు. ఆ టిల్‌కు 1943లో వాల్డర్స్ అనే పేరు పెట్టారు. అదే పేరు మీద ఒక కాల విభాగం లేచింది, ఒక హిమనద దండయాత్రకు పటం గీశారు, యూరప్ వాతావరణ చరిత్రతో ముడి వేశారు. తీరా 1970ల్లో తేలిందేమిటంటే, పేరు పుట్టిన చోట ఉన్న టిల్ వేరు, ఆ పేరుతో అందరూ మాట్లాడుతున్న టిల్ వేరు.

క్వాటర్నరీ (హిమయుగాలు వచ్చిపోయిన ఇటీవలి భూకాలం) నిక్షేపాల మీద పనిచేసేవాళ్ళు ఈ కేసును వివరంగా చదవాలి. ఇందులో ఎవరూ నిర్లక్ష్యంగా పనిచేయలేదు. అప్పటి పద్ధతిలోనే తప్పుకు చోటు ఉంది.

టూ క్రీక్స్ గట్టు: పునాది సెక్షన్

మానిటోవాక్ కౌంటీ ఉత్తరపు అంచున టూ క్రీక్స్ అనే ఊరు ఉంది. పొరల వరుస బయటపడిన ఇలాంటి కోతనే సెక్షన్ అంటాం. అక్కడి సరస్సు గట్టును కింది నుంచి పైకి చదవాలి.

అట్టడుగున ఎర్ర టిల్. దాని మీద నిలకడ నీటిలో దిగిన బంకమట్టి, సిల్ట్ (ఇసుక కంటే సన్నని, బంకమట్టి కంటే ముతక మట్టి), సన్నని పట్టీలుగా. ఆ పట్టీల మీద కొద్ది సెంటీమీటర్ల మందంలో నల్లటి సేంద్రియ పొర. వేలితో విప్పితే స్ప్రూస్ చెట్ల సూదుల్లాంటి ఆకులు, కాయలు, నాచు, చిన్న నత్తగుల్లలు విడివిడిగా వస్తాయి. బెరడు ఊడని దుంగలు అడ్డంగా పడి ఉంటాయి. వేళ్ళు కింది సిల్ట్‌లోకి దిగి ఉన్న మొద్దులు కూడా దొరుకుతాయి. అంటే ఈ చెట్లు ఎక్కడి నుంచో కొట్టుకొచ్చినవి కావు, అక్కడే పెరిగినవి. ఆ అడవి పొర మీద మళ్ళీ నీరు పరిచిన ఇసుక, సిల్ట్. దాని మీద మళ్ళీ ఎర్ర టిల్.

ఈ వరుస చెప్పే కథ స్పష్టంగా ఉంది. మంచు ఉత్తరానికి వెనక్కి తగ్గింది. ఉత్తరాన మాకినా జలసంధి వైపు నీటికి దారి తెరుచుకుని సరస్సు మట్టం పడిపోయింది. బయటపడ్డ నేల మీద అడవి పెరిగింది. మంచు మళ్ళీ ముందుకొచ్చి ఆ దారిని మూసేసింది. నీరు పెరిగి అడవిని ముంచింది, ఆ తర్వాత మంచే దాని మీదుగా నడిచింది. హిమకాలపు ఈ సరస్సును చికాగో హిమసరస్సు అంటారు. దాని గ్లెన్‌వుడ్ మట్టం సముద్రమట్టానికి సుమారు 195 మీటర్లు, కాల్యూమెట్ మట్టం సుమారు 189 మీటర్లు. నేటి సరస్సు సుమారు 176 మీటర్ల దగ్గర ఉంది. గ్లెన్‌వుడ్ దశ అడవికి ముందుది, కాల్యూమెట్ అడవి తర్వాతిది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దిద్దుబాటులో ఇదే పనికొచ్చింది.

ఈ అడవి పొరను 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో జె. డబ్ల్యూ. గోల్డ్‌త్వైట్ నమోదు చేశారు. విల్లర్డ్ లిబ్బీ, సేంద్రియ పదార్థం వయసు తేల్చే కార్బన్-14 పద్ధతిని మొదట ప్రయోగించిన నమూనాల్లో ఈ చెట్ల కలప కూడా ఉంది. అయిదు నమూనాల సగటు 11,404 ఏళ్ళు, అటూ ఇటూ 350. అప్పటిదాకా చివరి హిమ దండయాత్ర 25,000 ఏళ్ళ కిందటిదని అంచనా. ఒక్క ఫలితంతో ఆ అంకె సగానికి పైగా పడిపోయింది. 1963లో బ్రోకర్, ఫారండ్ మళ్ళీ కొలిచి 11,850 కార్బన్-14 ఏళ్ళు అన్నారు. నేటి క్రమాంకనం ప్రకారం అది క్యాలెండర్ లెక్కలో 13,700 ఏళ్ళకు దగ్గర.

పేరు ఎలా పాకింది

ఎఫ్. టి. థ్వైట్స్ 1943లో ఈశాన్య విస్కాన్సిన్ నిక్షేపాల మీద రాస్తూ, అడవి పొర మీదున్న ఎర్ర టిల్‌కు వాల్డర్స్ అని పేరు పెట్టారు. అయితే పేరుకు మూలస్థానంగా టూ క్రీక్స్ గట్టును తీసుకోలేదు. నైరుతిగా 35–40 కిలోమీటర్ల దూరంలో, సరస్సు నుంచి లోపలికి ఉన్న వాల్డర్స్ ఊరి డోలమైట్ (సున్నపురాయిని పోలిన రాయి) క్వారీని తీసుకున్నారు. క్వారీలో ఎర్ర టిల్ బాగా బయటపడి ఉంది. రంగు అదే, అక్కడా అన్నిటికంటే పైనున్నది ఆ ఎర్ర టిల్లే. కానీ అక్కడ అడవి పొర లేదు.

మొత్తం చిక్కు ఇక్కడే ఉంది. టూ క్రీక్స్‌లో ఆ టిల్ వయసులో అడవి కంటే చిన్నదని చెట్లే సాక్ష్యం చెబుతున్నాయి. క్వారీలో ఆ సాక్ష్యం లేదు. రెండింటినీ కలిపింది రంగు ఒక్కటే.

తర్వాతి మెట్లు వేగంగా పడ్డాయి. ఎర్ర టిల్ దక్షిణపు అంచు మిల్వాకీ దాకా ఉంది కనుక వాల్డర్స్ మంచు అంతదూరం వచ్చిందని పటాల్లో గీశారు. ఎం. ఎం. లైటన్ 1957లో వాల్డర్స్‌ను కాల విభజనలోకి తెచ్చారు. 1960లో ఫ్రై, విల్మన్ మిషిగన్ లోబ్ (హిమనదం నాలుకలా ముందుకు చాచిన భాగం) ప్రాంతానికి విస్కాన్సినన్ దశను అయిదు ఉపదశలుగా విడగొట్టారు: ఆల్టోనియన్, ఫార్మ్‌డేలియన్, వుడ్‌ఫర్డియన్, టూక్రీకన్, వాల్డరన్. వాల్డరన్ అంటే టూ క్రీక్స్ అడవి తర్వాతి కాలమని అర్థం స్థిరపడింది.

అప్పటికి వాల్డర్స్ అనే ఒక్క మాట మూడు పనులు చేస్తోంది. ఒక మట్టి పొరకు పేరు అది. ఒక కాలానికి పేరు అది. మంచు ముందుకొచ్చిన ఒక ఘటనకూ పేరు అదే. ఒక చోట తప్పు జరిగితే మూడూ కలిసి కూలడం ఖాయం.

దిద్దుబాటు

ఎడ్వర్డ్ ఈవెన్‌సన్ 1973లో పాత తీరరేఖలను, టిల్ పొరల వరుసను కలిపి చదివారు. తర్కం సూటిగా ఉంటుంది. గ్లెన్‌వుడ్ నీరు అడవి పుట్టక ముందే దిగిపోయింది. కాబట్టి ఏ టిల్ మీదైతే గ్లెన్‌వుడ్ అలలు తీరం చెక్కాయో, ఆ టిల్ అడవి కంటే పాతదై తీరాలి. అడవి తర్వాత పడ్డ టిల్ మీద గ్లెన్‌వుడ్ తీరం ఉండటానికి వీల్లేదు. ఈ కొలబద్దతో చూస్తే ఎర్ర టిల్ ఒక్కటి కాదని, అడవి పొరను కప్పిన టిల్ అంచు టూ క్రీక్స్‌కు దక్షిణాన ఉన్న టూ రివర్స్ ఊరి దరిదాపుల్లోనే ఆగిపోతుందని తేలింది. మిల్వాకీ దాకా పోయినవి అంతకు ముందటి ఎర్ర టిల్‌లు. వాల్డర్స్ క్వారీలోది కూడా అడవికి ముందుదే. పటం మీద చివరి దండయాత్ర అంచు 100 కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి జరిగింది.

ఇప్పుడు పేరు సంగతి. ‘వాల్డర్స్ అంటే అడవి తర్వాతి టిల్ అని అందరికీ అలవాటైంది కదా, క్వారీని వదిలేసి ఆ అర్థమే ఉంచుకుందాం’ అని ఎవరికైనా అనిపిస్తుంది. అలా చేయకూడదు. శిలావిభాగం పేరు దాని టైప్ సెక్షన్‌కు, అంటే పేరుకు మూలస్థానంగా ప్రకటించిన సెక్షన్‌కు, కట్టుబడి ఉంటుంది. క్వారీలో ఏ టిల్ ఉందో అదే వాల్డర్స్. దాని వయసు గురించి మన అభిప్రాయం మారితే వయసు మారుతుంది, పేరు కదలదు. అందుకే వాల్డర్స్ అనే పేరు అడవికి ముందటి టిల్‌కే మిగిలింది. అడవి మీది టిల్‌కు టూ రివర్స్ అనే పేరు వచ్చింది.

కాల విభాగం పరిస్థితి వేరు. వాల్డరన్ అంటే అడవి తర్వాతి కాలం అని నిర్వచనం, పేరిచ్చిన చోటేమో అడవికి ముందుది. ఈ పొంతనలేనితనం పేరు మారిస్తే తప్ప పోదు. 1976లో ఈవెన్‌సన్, ఫారండ్, ఎష్‌మన్, మికెల్‌సన్, మేహర్ కలిసి వాల్డరన్ స్థానంలో గ్రేట్‌లేకియన్ అనే పేరు ప్రతిపాదించారు. ఏ ఒక్క సెక్షన్‌తోనూ చిక్కుకోని పేరు ఎంచుకోవడం తెలివైన పని.

వయసు సవరణ ప్రభావం యూరప్ దాకా పోయింది. లిబ్బీ తొలి అంకెతో చూస్తే, అడవి మీదికి వచ్చిన మంచును యంగర్ డ్రయస్ అనే చలి కాలానికి జతచేయడం సహజంగా అనిపించింది. 11,850 అంకె వచ్చాక ఆ జత కుదరదు. ఆ 11,850 కార్బన్-14 ఏళ్ళు క్యాలెండర్ లెక్కలో 13,700కు దగ్గర, యంగర్ డ్రయస్ అదే లెక్కలో సుమారు 12,900 నుంచి 11,700 ఏళ్ళ కిందటిది. టూ రివర్స్ మంచు అంతకు ముందే వచ్చింది.

నేటి పట్టిక

విస్కాన్సిన్ భూగర్భ సర్వే 1984లో రాష్ట్రపు ప్లీస్టొసీన్ (హిమయుగ కాలపు) విభాగాలను ఒక చోట నిర్వచించి అచ్చువేసింది. 2011లో సవరించిన నిఘంటువు తెచ్చింది. ఎర్ర టిల్‌లన్నీ, వాటితో కలిసిన నీటి నిక్షేపాలతో సహా, కెవానీ ఫార్మేషన్ (పటం మీద గుర్తించదగ్గ శిలావిభాగం) కిందికి వస్తాయి. ఫార్మేషన్‌లోని చిన్న విభాగం మెంబర్. మిషిగన్ సరస్సు లోబ్ వైపు మెంబర్లు పాతది మొదలుకొని ఓజాకీ, హేవెన్, వాల్డర్స్, టూ రివర్స్. గ్రీన్ బే లోబ్ తూర్పున బ్రాంచ్ రివర్, చిల్టన్, గ్లెన్‌మోర్. పడమట సిల్వర్ క్లిఫ్, కర్బీ లేక్, మిడిల్ ఇన్లెట్. వీటిలో టూ రివర్స్, గ్లెన్‌మోర్, మిడిల్ ఇన్లెట్ మూడూ అడవి తర్వాతివి.

కెవానీ కింద ఓక్ క్రీక్ ఫార్మేషన్ ఉంటుంది: బూడిద రంగు, సిల్ట్, బంకమట్టి ఎక్కువ, షేల్ (బంకమట్టి గట్టిపడిన పలకరాయి) ముక్కలు కనిపిస్తాయి. దాని కింద ఇసుక, గులక ఎక్కువగా ఉండే డోలమైట్ టిల్. ఈ ఇసుక టిల్ పేరు సంగతి కూడా చూడాలి. మొదట మిషిగన్ లోబ్ వైపు దాన్ని న్యూ బెర్లిన్ ఫార్మేషన్ అని, గ్రీన్ బే లోబ్ వైపు హోరికాన్ ఫార్మేషన్ అని రెండుగా పిలిచారు. తర్వాత రెండింటినీ హోలీ హిల్ ఫార్మేషన్ కింద మెంబర్లుగా కలిపేశారు. రెండు లోబ్‌లు కలిసే చోట నిలబడి మట్టిని చేతిలోకి తీసుకుంటే ఏది ఎటు నుంచి వచ్చిందో చెప్పలేనప్పుడు, రెండు ఫార్మేషన్లుగా విడగొట్టడానికి ఆధారం లేదు. ఏ లోబ్ తెచ్చిందన్నది పుట్టుకకు సంబంధించిన ఊహ. ఫార్మేషన్ చేతికందే లక్షణాల మీద నిలబడాలి.

కెవానీ మట్టికి ఎరుపు ఎక్కడిదంటే, సుపీరియర్ సరస్సు పళ్ళెంలోని ఇనుము నిండిన ఎర్ర ఇసుకరాళ్ళ నుంచి. మంచు అక్కడిదాకా వెనక్కి తగ్గినప్పుడు ఆ ఎర్ర సిల్ట్, బంకమట్టి కరిగిన నీళ్ళతో మిషిగన్ పళ్ళెంలోకి దిగింది. మంచు తిరిగి ముందుకొచ్చినప్పుడల్లా అదే సరస్సు మట్టిని తోడుకుని గట్టు మీద పరిచింది. ఒకే గాదె నుంచి పలుమార్లు తీసిన ధాన్యానికి రంగు ఒకటే ఉంటుంది కదా. అందుకే రంగు ఫార్మేషన్‌ను పట్టిస్తుంది, మెంబర్‌ను పట్టించదు.

గట్టు మీద పని

ముందు గట్టు ముఖాన్ని శుభ్రం చేయాలి. జారి కిందికి వచ్చిన మట్టి ఎండి, అసలు పొరలాగే గట్టిపడి ఉంటుంది. పారతో కనీసం 30 నుంచి 50 సెంటీమీటర్ల లోపలికి చెక్కాలి. ఎత్తైన గట్టయితే మెట్లు మెట్లుగా కందకం తీస్తూ పైకి పోవాలి, ప్రతి మెట్టూ కింది మెట్టుతో కొంత ఒరుసుకునేలా. మెట్ల మధ్య ఖాళీ వదిలితే సరిగ్గా అక్కడే అసలు సరిహద్దు దాక్కుంటుంది. వాన పడ్డాక, వసంతంలో మంచు కరిగేటప్పుడు ఈ గట్లు విరిగిపడతాయి. అలాంటి రోజుల్లో కింద నిలబడి పనిచేయకూడదు.

రంగును మన్సెల్ పుస్తకంతో (పోల్చి చూసే రంగుల గళ్ళున్న పుస్తకం), తడి నమూనా మీద, నీడలో పగటి వెలుతురులో చూడాలి. కెవానీ సాధారణంగా 5 వైఆర్ నుంచి 7.5 వైఆర్ పేజీల్లో (పసుపు, ఎరుపు కలిసిన రంగులు) పడుతుంది. ఎండిన మట్టి ఒకటి రెండు గళ్ళు పాలిపోయి కనిపిస్తుంది. తడిదా, ఎండినదా అన్నది రాయకపోతే ఆ రీడింగ్ తర్వాత ఎందుకూ పనికిరాదు. బూడిద టిల్ గాలి తగిలి ఆక్సీకరణం చెందితే గోధుమ రంగుకు తిరుగుతుంది. దాన్ని చూసి ‘ఎర్ర టిల్ సన్నని పొర’ అని రాసేవాళ్ళు ఉన్నారు. పగుళ్ళ మధ్య దిమ్మను విరిచి నడిమి భాగం చూడండి. బయట గోధుమ, లోపల బూడిద ఉంటే అది ఓక్ క్రీకే.

పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తూ పైనుంచి కిందికి రావాలి. బుసబుస మొదలయ్యే లోతు దగ్గర గీత గీయాలి. దాని పైన కార్బొనేట్ కడిగిపోయింది కనుక అక్కడి నమూనాను పోలికకు వాడకూడదు. బంకమట్టి ఖనిజాల విషయంలో ఇది మరీ ముఖ్యం. వాతావరణం తగిలిన చోట క్లోరైట్ చెడిపోయి, ఉబ్బే ఖనిజాల వాటా పెరిగినట్టు కనిపిస్తుంది. ఒకే టిల్‌లో పై నమూనా, కింది నమూనా రెండు విభాగాల్లా తేలతాయి.

నమూనా ఒక్కోటి కిలో చొప్పున, అర మీటరు నుంచి మీటరు ఎడంతో తీయాలి. సరిహద్దుకు పైనా కిందా పది సెంటీమీటర్లు వదిలేయాలి. హిమనదం కింది పొరను గీకి తనలో కలుపుకుంటుంది కాబట్టి టిల్ అడుగు భాగం ఎప్పుడూ కింది పొర వాసన వేస్తుంది. సరిహద్దు ఎలా ఉందో అక్కడికక్కడే రాయాలి: కత్తితో కోసినట్టుందా, ముడతలు పడిందా, నెమ్మదిగా మారుతోందా.

రాళ్ళ లెక్కకు ఒక చోట కనీసం వంద గులకరాళ్ళు, ఒకే పరిమాణంలోవి ఏరి డోలమైట్, షేల్, ఎర్ర ఇసుకరాయి, ప్రికేంబ్రియన్ (అతి ప్రాచీన) అగ్నిశిలలుగా విడదీయాలి. మంచు వచ్చిన దిశకు పొడవైన రాళ్ళు 50 తీసుకుని అజిమత్ (ఉత్తరం నుంచి కొలిచే దిశ కోణం), వాలు రెండూ కొలవాలి. పొడవు వెడల్పుకు రెండింతలైనా లేని రాయిని లెక్కలోకి తీసుకోకూడదు.

గట్టు మీద అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది సరస్సు మట్టి. తేలే మంచుదిమ్మల నుంచి రాలిన రాళ్ళున్న ఎర్ర సరస్సు బంకమట్టి అచ్చం టిల్‌లాగే ఉంటుంది. దిమ్మను తేమగా ఉన్నప్పుడే పదునైన కత్తితో నిలువుగా కోసి నున్నగా చేయండి. సన్నని పట్టీలు రాయి కింద నొక్కుకుని, రాయి పైన కప్పినట్టు వంగి ఉంటే అది నీటిలో దిగింది. అటువంటి ఆనవాళ్ళు తేలకపోతే ఫీల్డ్ పుస్తకంలో టిల్ అని రాయకండి, డయామిక్టాన్ అని రాయండి. డయామిక్టాన్ అంటే ఎలా వచ్చిందో చెప్పకుండా, చిన్నా పెద్దా కణాలు కలగలిసిన మట్టి అని మాత్రమే. డయామిక్టాన్ వర్ణన, టిల్ తీర్పు. తీర్పు తర్వాత ఇవ్వొచ్చు.

గట్టు లేని చోట బోర్లే దిక్కు. స్ప్లిట్ స్పూన్ (నిలువుగా రెండుగా విడిపోయే గొట్టం) నమూనా సాధారణంగా 1.5 మీటర్లకు ఒకటి వస్తుంది: 63.5 కిలోల సుత్తి 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడుతూ, 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టిందో లెక్క. కొద్ది సెంటీమీటర్ల అడవి పొర రెండు నమూనాల మధ్య తప్పిపోవడం చాలా తేలిక. ముఖ్యమైన బోరులో విడవకుండా కోర్ (పొరలు చెదరని నిలువు మట్టి కడ్డీ) తీయాలి. నీటి బావుల డ్రిల్లర్లు రాసిన రికార్డుల్లో ఎర్రమట్టి, నీలిమట్టి, హార్డ్‌పాన్ (గట్టి పొర) అని ఉంటాయి. ఎర్రమట్టి దగ్గర టిల్లా, సరస్సు మట్టా అన్న తేడా వాళ్ళు చూడరు, చూడాల్సిన అవసరమూ వాళ్ళకు లేదు. కానీ అదే రికార్డులో ‘కలప’ అని రాసి ఉంటే ఆ లోతును వెంటనే గుర్తుపెట్టుకోవాలి.

ల్యాబ్‌లో

మెంబర్లను విడదీసేది ముఖ్యంగా 2 మిల్లీమీటర్ల లోపు మట్టిలో ఇసుక, సిల్ట్, బంకమట్టి పాళ్ళు. పాత సమాచారంలో చాలా భాగం ఏఎస్‌టీఎం (పరీక్షల ప్రమాణాలు ప్రకటించే అమెరికా సంస్థ) డి422 హైడ్రోమీటర్ పద్ధతిది: నీటిలో కలిపిన మట్టి కణాలు దిగే కొద్దీ ద్రవం సాంద్రత ఎలా తగ్గుతుందో చూడటం. బంకమట్టి ఎక్కువైతే 50 గ్రాములు, ఇసుక ఎక్కువైతే 100 గ్రాములు. లీటరుకు 40 గ్రాముల సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ ద్రావణం 125 మిల్లీలీటర్లు పోసి, కనీసం 16 గంటలు నానబెట్టి, మిక్సర్‌లో నిమిషం తిప్పి, 1000 మిల్లీలీటర్ల జాడీలోకి మార్చాలి. 2, 5, 15, 30, 60, 250, 1440 నిమిషాల దగ్గర రీడింగులు తీయాలి. ఆ ప్రమాణాన్ని 2016లో ఉపసంహరించారు, దాని బదులు డి7928 వచ్చింది. పాత, కొత్త ఫలితాలను ఒకే గ్రాఫ్‌లో పెట్టే ముందు కొన్ని నమూనాలను రెండు పద్ధతుల్లోనూ చేసి చూడటం మంచిది.

ఇక్కడ జరిగే ప్రధానమైన పొరపాటు కొలతది కాదు, హద్దులది. భూగర్భ శాస్త్రంలో ఇసుకకు, సిల్ట్‌కు హద్దు 0.0625 మిల్లీమీటర్లు. అమెరికా నేలల శాస్త్రజ్ఞులకు 0.05. ఇంజినీర్లకు 0.075. సిల్ట్‌కు, బంకమట్టికి మధ్య కొందరు 2 మైక్రాన్లు (మైక్రాన్ మిల్లీమీటరులో వెయ్యో వంతు) తీసుకుంటారు, కొందరు 4. ఒకే మట్టి మూడు నివేదికల్లో మూడు రకాలుగా కనిపిస్తుంది. టూ రివర్స్‌నూ వాల్డర్స్‌నూ విడదీయాలంటే చూడాల్సింది కొద్ది శాతాల తేడాలనే. హద్దు రాయని పట్టిక ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాల్సిందే. అసలు ధాన్య పరిమాణ వక్రరేఖే చేతికొస్తే ఏ హద్దుకైనా తిరిగి లెక్కగట్టుకోవచ్చు, అందుకే శాతాలతో పాటు వక్రరేఖ కూడా దాచాలి.

కార్బొనేట్‌కు చిట్టిక్ పరికరం. 0.074 మిల్లీమీటర్ల లోపు పొడి మీద ఆమ్లం పోసి వెలువడిన కార్బన్ డయాక్సైడ్ ఘనపరిమాణం చదవాలి. మొదటి 30 సెకన్లలో వచ్చేది ఎక్కువగా కాల్సైట్‌ది, తర్వాత నిదానంగా వచ్చేది డోలమైట్‌ది. బంకమట్టి ఖనిజాలకు 2 మైక్రాన్ల లోపు భాగాన్ని గాజుపలక మీద పరిచి, ఇథిలీన్ గ్లైకాల్ పట్టించి ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌కిరణాలతో ఖనిజం లోపలి పొరల ఎడం కొలవడం) చేస్తారు. 17 ఆంగ్‌స్ట్రాముల శిఖరం ఉబ్బే ఖనిజాలది, 10 ఇల్లైట్‌ది, 7 కయొలినైట్, క్లోరైట్‌లది. ఇవి సగం-పరిమాణాత్మక అంకెలు మాత్రమే, ల్యాబ్ మారితే మారతాయి. పోలిక ఒకే ల్యాబ్ అంకెల మధ్యనే చేయాలి.

కార్బన్-14కు కలప తీసేటప్పుడు బెరడు పక్కనున్న వలయాలనే తీయాలి. చెట్టు నడిమి భాగం పుట్టిన కాలం చెబుతుంది, అంచు చచ్చిన కాలం చెబుతుంది. మనకు కావలసింది మంచు, నీరు దాన్ని చంపిన కాలం. ముదురు చెట్టయితే రెండింటికీ వందేళ్ళ పైన తేడా రావచ్చు.

పేరు పెట్టేటప్పుడు

శిలా పొరల పేర్లకు నియమావళి అయిన ఉత్తర అమెరికా స్ట్రాటిగ్రాఫిక్ కోడ్ 1983లో వచ్చింది, 2005లో సవరించారు. దాని ప్రకారం కొత్త పేరుకు కావలసినవి: పేరు పెడుతున్నామన్న స్పష్టమైన ప్రకటన, వర్గం, హోదా, మరెవరూ వాడని స్థలనామం, టైప్ సెక్షన్, వర్ణన, పై కింది సరిహద్దులు, విస్తీర్ణం, మందం, ఇతర విభాగాలతో సంబంధం, గుర్తింపున్న ప్రచురణ. వయసు కూడా రాస్తాం, కానీ లిథోస్ట్రాటిగ్రాఫిక్ (శిలా లక్షణాలతో నిర్వచించే) విభాగానికి వయసు నిర్వచనంలో భాగం కాదు, పుట్టుక కూడా కాదు. ఈ రెండు నిబంధనలు వాల్డర్స్ చిక్కుకు నేరుగా మందు.

స్థలనామం మన దగ్గరా అలాగే నడుస్తుంది. గోదావరి లోయ బొగ్గు క్షేత్రాల అడుగున ఉండే టాల్చిర్ ఫార్మేషన్‌కు పేరిచ్చింది ఒడిశాలోని ఊరు. అందులోని బండల పొర హిమనద నిక్షేపమని 1856లోనే గుర్తించారు. గోదావరి లోయలో ఒక సెక్షన్‌ను టాల్చిర్ అనాలంటే దాని శిలా లక్షణాలు, వరుసలో స్థానం ఆ పేరుకు సరిపోవాలి, వయసు దగ్గరగా ఉంటే చాలదు.

పొరకు, కాలానికి, ఘటనకు మూడు వేరు ఖాతాలు పెట్టాలి. పొర ఖాతాలో: కెవానీ ఫార్మేషన్, టూ రివర్స్ మెంబర్. ఘటన, కాలం ఖాతాల్లో మహాసరోవరాల ప్రాంతానికి 1997లో ప్రతిపాదించిన డయాక్రానిక్ పద్ధతి ఉంది: విస్కాన్సిన్ ఎపిసోడ్, దాని లోపల సబ్‌ఎపిసోడ్‌లు, ఫేజ్‌లు. డయాక్రానిక్ అంటే చోటును బట్టి మొదలూ ముగింపూ మారేది. మంచు గ్రీన్ బేకు వచ్చిన రోజే టూ రివర్స్‌కూ రాలేదు కనుక హిమనద ఘటనలకు ఈ పద్ధతి సరిగ్గా కుదురుతుంది. ఇలినాయ్‌లో 1996 నుంచి వాడుతున్న పద్ధతి మరొకటి: డయామిక్టాన్ ప్రధానమైనవన్నీ వెడ్రాన్ గ్రూపు, నీరు, గాలి వేరుచేసి పరిచినవి మేసన్ గ్రూపు. రెండూ ఒకదానిలోకి ఒకటి వేళ్ళు దూర్చినట్టు కలిసి ఉంటాయి. అంచుల దగ్గర పటం గీసేటప్పుడు ఏది ఎక్కడ ఆగుతుందో తేల్చడం కష్టమే అయినా, గట్టు మీద నిలబడ్డవాడికి పేరు పెట్టడం తేలికవుతుంది.

టైప్ సెక్షన్ ఎంపికలో ఒక చేదు నిజం ఉంది. సరస్సు గట్టు ఏటా వెనక్కి జరుగుతుంది, క్వారీ తవ్వకంతో మారిపోతుంది. ఈ రోజు ఫొటో తీసిన ముఖం పదేళ్ళ తర్వాత నీళ్ళలో ఉండొచ్చు. కోడ్ ఇందుకు ప్రధాన రిఫరెన్స్ సెక్షన్‌ను ప్రకటించే వీలు కల్పించింది. మొదటి రోజే, లోపలి వైపున, విడవకుండా తీసిన కోర్ ఒకటి రిఫరెన్స్‌గా ప్రకటించి, దాన్ని సర్వే కోర్ గోదాములో భద్రం చేయాలి. పెట్టె మీద బోరు సంఖ్య, అక్షాంశ రేఖాంశాలు, నేలమట్టపు ఎత్తు, పైభాగం ఎటో చూపే బాణం ఉండాలి. విభాగం పేరు మాత్రం పెట్టె మీద రాయొద్దు. పేరు విడి పత్రంలో, తేదీతో, ఎవరి నిర్ణయమో తెలిసేలా ఉంటే, రేపు ఇంకొకరు అదే కోర్ తెరిచి ఆ మట్టిని ముందు మట్టిగానే చూడగలుగుతారు.